స్టీల్ గిటార్ నుంచి సింథసైజర్‌కి: జారు చెడకుండా మిడి సెటప్ చేసుకోవడం

స్టీల్ గిటార్‌కి సింథ్ తగిలించిన చాలామంది మొదటి రోజే నీరుగారిపోతారు. బార్‌ని (తీగల మీద ఆనించి జరిపే లోహపు కడ్డీ) అయిదో ఫ్రెట్ గీత నుంచి పన్నెండో ఫ్రెట్ గీతకి జారిస్తే గిటార్ శబ్దం నున్నగా పైకి వెళ్తుంది. సింథ్ మాత్రం హార్మోనియం మెట్ల మీద వేలు గీసినట్టు టకటకా ఒక్కో స్వరం మీద పడుతుంది, లేదంటే కొంతదూరం వెళ్లి అక్కడే ఆగిపోతుంది. చాలాసార్లు పరికరంలో లోపమేమీ ఉండదు. తీగ శబ్దాన్ని మిడిగా, అంటే సింథ్‌కి అర్థమయ్యే స్వర సందేశాలుగా మార్చే కన్వర్టర్లు మార్కెట్లో దొరికేవి దాదాపు అన్నీ ఫ్రెట్లున్న గిటార్‌ని దృష్టిలో పెట్టుకుని తయారైనవి. అవి ముందుగా తేల్చుకునేది "ఏ స్వరం మీటారు?" అని. స్టీల్ గిటార్‌కి కావలసింది "ఈ క్షణంలో తీగ ఎంత శ్రుతిలో ఉంది?" అన్న లెక్క. కింద చెప్పబోయే సెట్టింగులన్నీ కన్వర్టర్ చేత ఆ రెండో పని చేయించడానికే.

ఇందులో తమాషా ఏమిటంటే, కరెంటుతో ముందు చుట్టరికం కలుపుకున్నది స్టీల్ గిటారే. 1930ల మొదట్లో రికెన్‌బ్యాకర్ అమ్మిన 'ఫ్రయింగ్ ప్యాన్' ఒడిలో పెట్టుకుని వాయించే స్టీల్ గిటార్, అమ్మకానికి వచ్చిన తొలి ఎలక్ట్రిక్ గిటార్లలో ఒకటి. 1977లో రోలాండ్ జీఆర్-500 గిటార్ సింథ్ వచ్చేనాటికి మాత్రం తయారీదారుల కళ్లముందు ఉన్నది ఫ్రెట్లున్న గిటారే. అందుకే మన సెట్టింగులు మనమే చేసుకోవాలి.

ఇక్కడి ఉదాహరణలన్నీ ఆరు తీగల ల్యాప్ స్టీల్‌కి (ఒడిలో పెట్టుకుని వాయించేది), సి6 ట్యూనింగ్‌కి సంబంధించినవి (సన్న తీగ నుంచి లావు తీగ దాకా ఇ, సి, ఎ, జి, ఇ, సి). మన దగ్గర హవాయియన్ గిటార్ అని పిలిచేదానికి పికప్ (తీగ కంపనాన్ని కరెంటు సిగ్నల్‌గా మార్చేది) ఉంటే ఇవే లెక్కలు నడుస్తాయి. పెడల్స్ తొక్కి తీగల శ్రుతి మార్చే పెడల్ స్టీల్ గురించి చివర్లో విడిగా చెప్పాను.

అసలు మిడి అవసరమా?

డబ్బు ఖర్చు పెట్టేముందు ఇది తేల్చుకోండి. మీ వాయింపు కింద ఆర్గన్‌లాగానో, స్ట్రింగ్స్‌లాగానో ఒక పొర వినిపిస్తే చాలనుకుంటే మిడి జోలికి వెళ్లొద్దు. ఎలక్ట్రో-హార్మోనిక్స్ వారి బీ9, మెల్9, సింథ్9, బాస్ వారి ఎస్‌వై-1 లాంటి పెడల్స్ మామూలు గిటార్ కేబుల్‌తోనే పనిచేస్తాయి. అవి స్వరాన్ని గుర్తుపట్టి దానికో నంబరు ఇచ్చే పని పెట్టుకోవు, వచ్చిన శబ్దాన్నే మలిచి కొత్త రంగు పూస్తాయి. కాబట్టి బార్ ఎటు జారితే శబ్దమూ అటే జారుతుంది. మూడో మెట్టులో చెప్పబోయే బెండ్ రేంజ్ గొడవ లేదు, కొత్త పికప్ అక్కర్లేదు. నన్నడిగితే, స్టేజీ మీద వాయించేవాళ్లలో ఎక్కువమందికి ఇదే సరిపోతుంది.

మిడి కావలసింది ఎప్పుడంటే: కంప్యూటర్‌లో మీకిష్టమైన సాఫ్ట్‌వేర్ వాయిద్యాన్ని స్టీల్‌తో మోగించాలనుకున్నప్పుడు, వాయించినదాన్ని తర్వాత మరో వాయిద్యంగా మార్చాలనుకున్నప్పుడు, లేదా ఒక్కో తీగకి ఒక్కో రకం శబ్దం పెట్టాలనుకున్నప్పుడు. మీ పని ఈ మూడింట్లో ఒకటైతే ముందుకు సాగండి.

మొదటి మెట్టు: సిగ్నల్‌ని ఎలా పట్టాలి

అన్నిటికంటే చవకైన దారి, ఉన్న పికప్‌నే ఆడియో ఇంటర్‌ఫేస్‌కి కలిపి, జామ్ ఆరిజిన్ వారి మిడి గిటార్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో మార్చడం. కొత్త హార్డ్‌వేర్ ఏమీ బిగించనక్కర్లేదు. కార్డ్ (ఒకేసారి మోగే స్వరాల గుంపు) మీటినా స్వరాలు పట్టుకుంటుంది. దీనికున్న ఇబ్బంది ఒక్కటే. ఆరు తీగల శబ్దమూ ఒకే వైరులో కలిసి వస్తుంది కాబట్టి ఏ స్వరం ఏ తీగ నుంచి వచ్చిందో దానికి తెలియదు. అన్నీ ఒకే మిడి ఛానల్‌లో పంపితే పిచ్ బెండ్ (స్వరాన్ని పైకో కిందికో జరపమనే సందేశం) కూడా అన్నిటికీ ఒకటే.

ఫ్రెట్లున్న గిటార్‌కి అది పెద్ద లోపం. ఒక తీగని వంచితే కార్డ్ మొత్తం వంగిపోతుంది. స్టీల్ గిటార్‌లో మాత్రం బార్ నిటారుగా ఉన్నంతసేపు అన్ని తీగలూ ఒకే దూరం జారుతాయి, కాబట్టి ఒకే బెండ్ అన్నిటికీ సరిగ్గా సరిపోతుంది! బార్‌ని ఏటవాలుగా (స్లాంట్) పెట్టినప్పుడు మాత్రమే లెక్క తప్పుతుంది. స్లాంట్లు వాడకుండా వాయించేవాళ్లు ముందు ఈ దారిలోనే మొదలుపెట్టొచ్చు.

ఒక్కో స్వరంగా మెలొడీ మాత్రమే వాయిస్తారా? సోనూస్ జీ2ఎం లాంటి చిన్న డబ్బా చాలు. దానికి కార్డులు పట్టవు.

స్లాంట్లు, విడి తీగల కదలిక, తీగకో శబ్దం, ఇవన్నీ కావాలంటే ఆరు విడి సెన్సర్లున్న హెక్సాఫోనిక్ పికప్ తప్పదు. రోలాండ్ జీకే-3, ఫిష్‌మన్ ట్రిపుల్‌ప్లే ఈ కోవలోవి. జీకే-3 నుంచి 13 పిన్నుల కేబుల్ బయటికి వస్తుంది. అందులో 1 నుంచి 6 వరకు పిన్నులు ఆరు తీగలవి, ఏడోది మామూలు గిటార్ శబ్దం, 12, 13 పిన్నులు పికప్‌కి కరెంటు ఇచ్చేవి. పాత సామాను కొనేటప్పుడు ఇది గుర్తుంటే మేలు. ఒకే ఒక్క తీగ పలకడం లేదంటే పికప్‌ని అనుమానించేముందు వేరే కేబుల్ పెట్టి చూడండి, పిన్ను వంగిపోయి ఉండొచ్చు. 2023లో వచ్చిన జీకే-5 పికప్, జీఎం-800 సింథ్ మాత్రం ఈ 13 పిన్నుల పద్ధతి వదిలేసి డిజిటల్‌కి మారాయి. పాత పికప్‌ని కొత్త డబ్బాకి నేరుగా గుచ్చలేం, మధ్యలో కన్వర్టర్ కావాలి.

రెండో మెట్టు: హెక్స్ పికప్ బిగింపు

స్క్రూలు ఇప్పుడే వద్దు. డబుల్ సైడ్ టేపుతో అంటించి కొన్నాళ్లు వాయించి చూడండి. చోటు కుదిరిందనిపించాకే శాశ్వతంగా బిగించండి.

పికప్‌ని బ్రిడ్జికి వీలైనంత దగ్గరగా పెట్టాలి. అక్కడ తీగ ఊగేది తక్కువ కాబట్టి పక్క తీగ శబ్దం కలిసే అవకాశమూ తక్కువ. తీగకీ సెన్సర్‌కీ మధ్య సందు ఒక మిల్లీమీటర్ ఉండాలి. కొలవడానికి ఏటీఎం కార్డు వాడండి. దాని మందం 0.76 మిల్లీమీటర్లు, పైగా ప్లాస్టిక్ కాబట్టి అయస్కాంతానికి అంటుకోదు. కార్డు తీగ కింద దూరాలి, దూరాక కొద్దిగా ఖాళీ మిగలాలి. కొలిచేటప్పుడు బార్‌ని మీరు వాయించే అన్నిటికంటే పై ఫ్రెట్ దగ్గర ఉంచండి. బార్ బరువుకి తీగలు కొంచెం కిందికి దిగుతాయి, ఆ స్థితిలో కూడా తీగ సెన్సర్‌ని తాకకూడదు.

ఆరు తీగల దగ్గరా విడివిడిగా కొలవండి. ల్యాప్ స్టీల్ బ్రిడ్జి చదునుగా ఉంటుంది, ఫ్రెట్ గిటార్ బ్రిడ్జిలో మాత్రం మధ్యలో కొద్దిపాటి వంపు ఉంటుంది. మధ్య తీగ దగ్గర సందు సరిగ్గా ఉండి చివరి తీగల దగ్గర ఎక్కువైతే ఆ చివరి తీగలే తర్వాత తప్పులు చేస్తాయి. తీగల మధ్య దూరం కూడా చూడండి. ప్రతి తీగా తన సెన్సర్‌కి నడిమధ్యన రాకపోతే, రెండు చివర్లా సమానంగా పక్కకి జరిగేలా సర్దండి. ఒకటో నంబరు సెన్సర్ సన్న తీగ వైపే ఉందా అన్నదీ ఓసారి చూసుకోండి. తిరగబడితే ఒకటో తీగ ఆరో ఛానల్‌లో పలుకుతుంది.

గుర్రపునాడా ఆకారపు అయస్కాంతం మధ్యలోంచి తీగలు వెళ్లే పాతకాలపు పికప్ ఉన్న గిటార్‌లో హెక్స్ పికప్‌కి చోటు దొరకడం కష్టం. దానికోసం పాత గిటార్‌ని కోయించకండి, సాఫ్ట్‌వేర్ దారే మంచిది.

ఆ తర్వాత సెన్సిటివిటీ. కన్వర్టర్ మెనూలో ఒక్కో తీగకీ విడిగా ఉంటుంది. పాటలో మీరు మీటే గట్టి దెబ్బ ఎంతో అంత గట్టిగా మీటి, మీటర్ చివరి గీత దాకా వచ్చి దాన్ని తాకకుండా ఉండేలా పెట్టండి. మెటల్ ఫింగర్ పిక్స్‌తో వాయించేవాళ్లు వాటిని వేళ్లకి తొడుక్కునే ఈ పని చేయాలి. ఉత్త వేళ్లతో సెట్ చేసి తర్వాత పిక్స్ తొడుక్కుంటే కొలతలన్నీ తప్పిపోతాయి.

మూడో మెట్టు: బెండ్ రేంజ్. గొడవంతా ఇక్కడే

మిడిలో పిచ్ బెండ్‌కి 16,384 మెట్లుంటాయి, మధ్యలో ఉన్నది 8192. ఆ మెట్లన్నీ కలిపి ఎన్ని ఫ్రెట్ల దూరానికి సమానం అన్నది మనం పెట్టే బెండ్ రేంజ్‌ని బట్టి ఉంటుంది. చాలా సింథ్‌లు ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు పైకి రెండు, కిందికి రెండు సెమీటోన్ల (ఒక సెమీటోన్ అంటే ఒక ఫ్రెట్ దూరం) మీద ఉంటాయి. కీబోర్డ్ వాయించేవాళ్లకి అది చాలు. స్టీల్‌కి మొదటి జారులోనే అయిపోతుంది.

కన్వర్టర్‌లోనూ, సింథ్‌లోనూ 12 పెట్టండి. రెండు చోట్లా ఒకే అంకె ఉండాలి, ఇది మర్చిపోతే మిగతా పనంతా వృథా. సింథ్ మెనూలో ఆ సెట్టింగ్ కనపడకపోతే మిడి ద్వారానే పంపొచ్చు: కంట్రోలర్ 101 విలువ 0, కంట్రోలర్ 100 విలువ 0, తర్వాత కంట్రోలర్ 6 విలువ 12. వాడే ప్రతి ఛానల్‌కీ విడిగా పంపాలి.

ఇప్పుడు పరీక్ష. యాంప్ ఆపేసి సింథ్ ఒక్కటే వినిపించేలా పెట్టండి. సాదా సా-టూత్ శబ్దం ఎంచుకుని, సింథ్ అవుట్‌పుట్‌ని ట్యూనర్‌కి కలపండి. సి6లో ఒకటో తీగ మీద బార్‌ని అయిదో ఫ్రెట్ దగ్గర పెట్టి మీటండి. అది ఎ, 440 హెర్ట్జ్, మిడి నంబరు 69. మళ్లీ మీటకుండా పన్నెండో ఫ్రెట్‌కి జారండి. ఏడు సెమీటోన్ల దూరం. కన్వర్టర్ పంపాల్సిన బెండ్ విలువ 8192కి 4779 కలిపితే వచ్చే 12,971 దగ్గర్లో ఉండాలి. కంప్యూటర్‌లో మిడి మానిటర్ తెరిస్తే ఈ అంకె కనపడుతుంది. ట్యూనర్ ఇ చూపించాలి.

చూపించలేదా? ట్యూనర్ ఏం చెబుతోందో దాన్నిబట్టి తప్పు ఎక్కడుందో తెలుస్తుంది. ఎ షార్ప్ దాటి కొంచెం పైన ఆగిపోతే కన్వర్టర్‌లో 12, సింథ్‌లో 2 ఉన్నాయన్నమాట. సగం కూడా జారకముందే పై ఆక్టేవ్ ఎకి ఎగిరిపోతే దానికి తలకిందులు, అంటే కన్వర్టర్‌లో 2, సింథ్‌లో 12. జారు మధ్యలో మళ్లీ మళ్లీ కొత్తగా మీటినట్టు వినిపిస్తే కన్వర్టర్ తన రేంజ్ దాటాక కొత్త స్వరం పంపుతోంది, రేంజ్‌ని 24కి పెంచండి. జారు అనేదే లేకుండా మెట్లు మెట్లుగా వస్తే, ప్రతి శ్రుతినీ దగ్గర్లో ఉన్న స్వరానికి సర్దేసే క్రోమాటిక్ మోడ్ ఆన్‌లో ఉంది, తీసేయండి.

24కి పెంచితే నున్నదనం పోతుందేమో అన్న భయం అక్కర్లేదు. అప్పుడు కూడా ఒక్కో మెట్టు ఒక సెమీటోన్‌లో మూడు వందలో వంతు మాత్రమే, చెవి పట్టుకోలేదు.

క్రోమాటిక్ మోడ్ మీద ఇంకో మాట. స్టీల్ వాయించేవాళ్లలో చాలామంది మేజర్ థర్డ్‌ని (సా మీద అంతర గాంధారం) పియానో కొలతకంటే సుమారు 14 సెంట్లు (సెమీటోన్‌లో నూరో వంతు ఒక సెంటు) తగ్గించి శ్రుతి చేస్తారు, అలా అయితేనే కార్డ్ తియ్యగా ఉంటుంది. క్రోమాటిక్‌లో పెట్టిన సింథ్ దాన్ని పియానో కొలతకి సరిచేసి పలుకుతుంది. 415 హెర్ట్జ్ దగ్గరున్న జీ షార్ప్‌ని తీసుకుంటే గిటార్ సుమారు 412 దగ్గర, సింథ్ 415 దగ్గర పలికి, సెకనుకి మూడుసార్లకి పైగా శబ్దం ఊగుతుంది. గిటార్ శ్రుతిలో లేదనిపిస్తుంది గానీ శ్రుతి బాగానే ఉంది. కర్ణాటక రాగాలు వాయించేవాళ్లకి అయితే క్రోమాటిక్ మోడ్ బొత్తిగా పనికిరాదు, గమకం మొత్తం పోతుంది.

నాలుగో మెట్టు: తీగకో ఛానల్

హెక్స్ పికప్ ఉంటే కన్వర్టర్‌ని మోనో మోడ్‌లో పెట్టండి, మిడి నాలుగో మోడ్ అన్నా ఇదే. ఆరు తీగలకీ ఆరు ఛానళ్లు, ఒక్కో ఛానల్‌కీ దాని సొంత బెండ్. సింథ్ వైపు ఆ ఆరు ఛానళ్లలోనూ ఒకే శబ్దం, ఒకే బెండ్ రేంజ్ ఉండాలి. పోర్టమెంటో ఆపేయండి. బార్ ఎలాగూ జారుస్తోంది, దాని మీద సింథ్ తన జారు కలిపితే శబ్దం తాగినట్టు తూలుతుంది.

ఎంపీఈ (మిడి పాలీఫోనిక్ ఎక్స్‌ప్రెషన్) పద్ధతి తెలిసిన సాఫ్ట్‌వేర్ సింథ్ అయితే పని ఇంకా తేలిక. 2018లో ఆమోదం పొందిన ఈ పద్ధతిలో ఛానల్ 1 అందరికీ ఉమ్మడి, ఒక్కో స్వరానికి విడి ఛానళ్లు 2 నుంచి మొదలవుతాయి. కాబట్టి మీ తీగలని 2 నుంచి 7 వరకు పెట్టండి. ఎంపీఈ సింథ్‌లలో బెండ్ రేంజ్ మామూలుగా 48 ఉంటుంది. మీ కన్వర్టర్ 24కి మించి వెళ్లకపోతే సింథ్‌నే 24కి దించండి.

పాత గుండ్రటి మిడి కేబుల్ వాడుతున్నారా? దాని వేగం సెకనుకి 31,250 బిట్లు. ఒక బెండ్ సందేశానికి దాదాపు ఒక మిల్లీసెకను పడుతుంది. ఆరు తీగల మీద బార్ వైబ్రాటో చేస్తుంటే ఒక రౌండు సందేశాలకే ఆరు మిల్లీసెకన్లు అయిపోతాయి, మధ్యలో మీటిన కొత్త స్వరం క్యూలో నిలబడాలి. యూఎస్‌బీ ఉంటే అదే వాడండి.

అయిదో మెట్టు: ఆలస్యంతో సర్దుకోవడం, చేతి అలవాట్లు

తీగ ఎంత శ్రుతిలో ఉందో తెలియాలంటే కన్వర్టర్ కనీసం ఒకటి రెండు కంపనాలు చూడాలి. మామూలు గిటార్ ఆరో తీగ ఇ 82 హెర్ట్జ్, ఒక్క కంపనానికే 12 మిల్లీసెకన్లు. సి6 ల్యాప్ స్టీల్ ఆరో తీగ సి 131 హెర్ట్జ్, 7.6 మిల్లీసెకన్లు. ఒకటో తీగకి మూడే. అంటే ఈ విషయంలో స్టీల్ వాళ్లం ఫ్రెట్ గిటార్ వాళ్లకంటే నయం. కంప్యూటర్ వాడేవాళ్లు ఆడియో బఫర్‌ని 64కో 128కో దించండి. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 128 శాంపిళ్లంటే 2.7 మిల్లీసెకన్లు.

మిగిలిన ఆలస్యాన్ని శబ్దం ఎంపికతో దాచాలి. మీటిన దెబ్బని గిటార్ అసలు శబ్దానికే వదిలేసి, సింథ్‌కి మెల్లగా లేచే ప్యాడ్, వయొలిన్ బృందం, ఫ్లూట్, ఆర్గన్ లాంటివి పెట్టండి. పియానో, హార్ప్, తబలా లాంటి దెబ్బ శబ్దాలు వద్దు. ఆలస్యం బయటపడటం ఒకటి, ఏడు ఫ్రెట్లు జారిన పియానో శాంపిల్ నవ్వు పుట్టించడం ఇంకొకటి.

స్వరం ఒక ఆక్టేవ్ పైకి గెంతుతుంటే బ్రిడ్జికి మరీ దగ్గరగా మీటుతున్నారేమో చూసుకోండి. అక్కడ హార్మోనిక్స్ ఎక్కువ, మూలస్వరం బలహీనం. కుడిచేతిని కొంచెం లోపలికి జరిపితే చాలావరకు సర్దుకుంటుంది. సాఫ్ట్‌వేర్ దారిలో ఉన్నవాళ్లు గిటార్ టోన్ నాబ్ కూడా తగ్గించి చూడండి. తీగలు పాతబడినా ఇదే జబ్బు వస్తుంది. మీటని స్వరాలు పలుకుతుంటే బార్ వెనక తీగలు మోగుతున్నాయన్నమాట, ఎడమచేతి మిగతా వేళ్లని బార్ వెనక తీగల మీద ఆనించండి. కుడి అరచేతితో తీగల మోత ఆపే బ్లాకింగ్‌లో కూడా ఇక బద్ధకం పనికిరాదు. యాంప్‌లో వినపడనంత చిన్న మోతని కూడా కన్వర్టర్ పూర్తి స్వరంగా పంపేస్తుంది.

వాల్యూమ్ పెడల్ ఎక్కడ పెట్టాలి

స్టీల్ వాయించేవాళ్ల కుడికాలు ఎప్పుడూ వాల్యూమ్ పెడల్ మీదే ఉంటుంది. తీగ శబ్దం తగ్గేకొద్దీ పెడల్ తొక్కుతూ స్వరాన్ని నిలబెడతాం. కన్వర్టర్ ఆ పెడల్ తర్వాత ఉంటే, పెడల్ వెనక్కి లాగిన ప్రతిసారీ దానికి వినపడేది తగ్గి స్వరం జారవిడుస్తుంది. అందుకని కన్వర్టర్‌కి వెళ్లే సిగ్నల్ పెడల్ కంటే ముందే తీసుకోవాలి. హెక్స్ పికప్‌కి ఇది దానంతటదే జరుగుతుంది, సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లే ఆడియో ఇంటర్‌ఫేస్‌ని ముందు పెట్టుకోవాలి.

సింథ్ శబ్దం కూడా కాలికి లొంగాలంటే తేలికైన మార్గం స్టీరియో వాల్యూమ్ పెడల్. ఒక వైపు గిటార్, రెండో వైపు సింథ్ అవుట్‌పుట్. రెండూ ఒకే కాలితో కలిసి లేస్తాయి, కలిసి దిగుతాయి. ఎక్స్‌ప్రెషన్ పెడల్‌తో కంట్రోలర్ 11 పంపడం రెండో మార్గం. అది బాగానే ఉంటుంది గానీ, ఒక కాలికి రెండు పెడల్స్ అంటే ఇబ్బందే.

పెడల్ స్టీల్ అయితే

ఇక్కడ తీగలు పది, హెక్స్ సెన్సర్లు ఆరు. ఇ9 ట్యూనింగ్‌లో ఎక్కువగా కలిపి మీటే తీగల జట్లు 3-4-5, 4-5-6, 5-6-8, 6-8-10. అంటే 3, 4, 5, 6, 8, 10 తీగలకి సెన్సర్లు దొరికితే కార్డులు దాదాపు అన్నీ వచ్చేస్తాయి, మిగతా నాలుగూ ఉత్త గిటార్ శబ్దంతో వదిలేయొచ్చు. కానీ ఒకే పట్టీగా వచ్చే పికప్‌తో తీగలని ఇలా ఏరుకోలేం, వరసగా ఉన్న 3 నుంచి 8 వరకే కుదురుతాయి, అదీ తీగల మధ్య దూరం సరిపోతేనే. బ్రిడ్జి స్థానంలో, పెడల్ తొక్కితే తిరిగి తీగల శ్రుతి మార్చే ఛేంజర్ ఉంటుంది కాబట్టి బ్రిడ్జిలో అమర్చే పియెజో సెన్సర్లు కూడా మామూలుగా ఇమడవు. పెడల్ స్టీల్‌కి హెక్స్ బిగించడం చేతిపని బాగా తెలిసినవాళ్లకే వదిలేయడం మేలని నా అభిప్రాయం. మిగతావాళ్లకి నేరుగా శబ్దాన్ని మలిచే పెడల్సే నయం.

ఒకే ఛానల్ సాఫ్ట్‌వేర్ చిట్కా ఇక్కడ పనిచేయదు. 'ఎ' అని పిలిచే పెడల్ తొక్కితే అయిదో తీగ, పదో తీగ మాత్రమే బి నుంచి సి షార్ప్‌కి లేస్తాయి, మిగతావి కదలవు. ఒకే బెండ్ అన్నిటినీ లాగేస్తుంది. తీగకో ఛానల్ ఉన్నా బెండ్ రేంజ్ 2 సరిపోదు. ఎ పెడల్ ఎత్తేది సరిగ్గా రెండు సెమీటోన్లు. బెండ్ అక్కడికే నిండిపోయి, దాని మీద బార్‌తో చేసే వైబ్రాటోలో పైకి వెళ్లే సగం తెగిపోతుంది. 12 పెడితే ఎ పెడల్‌కి 1365 మెట్లే ఖర్చవుతాయి, జారుకీ వైబ్రాటోకీ కావలసినంత చోటు మిగులుతుంది.

రికార్డ్ చేసేటప్పుడు

మిడితో పాటు గిటార్ అసలు శబ్దాన్ని కూడా వేరే ట్రాక్‌లో తప్పకుండా రికార్డ్ చేయండి. తర్వాత గిటార్ తరంగాన్నీ మిడి స్వరాలనీ పక్కపక్కన పెట్టి, మిడి ట్రాక్ మొత్తాన్ని ఆలస్యమైనంత మేరకు ఎడమవైపుకి, అంటే ఇంకా ముందే మోగేలా జరపొచ్చు. స్వరాలని ఒక్కొక్కటిగా క్వాంటైజ్ (తాళం గీతలకి సర్దడం) మాత్రం చేయకండి. చాలా సాఫ్ట్‌వేర్లలో స్వరం కొత్త చోటికి వెళ్తుంది, దాని బెండ్ డేటా పాత చోటే ఉండిపోతుంది. అప్పుడు జారు ఒక స్వరం తోక నుంచి ఇంకో స్వరం తలకి అంటుకుంటుంది. తాళం తప్పిన చోటు ఉంటే ఆ పదబంధాన్ని బెండ్‌తో సహా ఒక ముక్కగా కత్తిరించి జరపండి, అదీ కుదరకపోతే ఆ ముక్క మళ్లీ వాయించండి.